మామ్మ నోట పొడుపు కథలు రాబట్టడం ఎలాగ: ఐర్లండ్ బడిపిల్లల పద్ధతిలో

"ఇల్లంతా తిరుగుతాది, పనవగానే మూల కూకుంటాది, ఏటది?" ఇది మా మామ్మ వేసే పొడుపు కథ, విడుపు చీపురు, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇదే కథ ఐర్లండ్ పల్లెటూళ్ళలో కూడా ఉంది, ఇంటి చుట్టూ తిరిగి తిరిగి రాత్రికి మూలన పడుకునేదేంటి అని అడుగుతారు, జవాబు చీపురే. వాళ్ళకి మన ఊరు తెలీదు, మనకి వాళ్ళ ఊరు తెలీదు, కానీ ఇల్లు ఊడ్చిన చీపుర్ని మూల పెట్టడం ఇద్దరిదీ ఒకటే, అక్కడి నుంచే కథ పుట్టింది. ఇది చదివిన రోజు నుంచి నాకు ఈ పిచ్చి పట్టింది, రెండేళ్ళుగా మా శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళల్లో పొడుపు కథలు పోగేస్తున్నాను, ఎలా పోగేయాలో, ఎక్కడ తప్పు చేశానో అన్నీ ఇక్కడ రాస్తున్నాను, మీ ఊళ్ళో మీరు మొదలుపెట్టడానికి పనికొస్తుందని.

ముందు ఐర్లండ్ వాళ్ళు ఏం చేశారో చెప్పాలి, ఎందుకంటే పద్ధతి వాళ్ళదే. 1935లో వాళ్ళ ప్రభుత్వం జానపద కమిషన్ ఒకటి పెట్టింది, ఊరూరా తిరిగి పాత కథలు, పాటలు, మందులు, నమ్మకాలు రాయించడానికి. ఐరిష్ భాష మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్నారు, ముసలాళ్ళు పోతే వాళ్ళతోపాటే అన్నీ పోతాయని భయం. అయితే కమిషన్లో ఉన్న కొద్దిమంది ఎన్ని ఊళ్ళు తిరగగలరు చెప్పండి? అందుకని 1937లో బడిపిల్లల చేత చేయించారు. ఐదు, ఆరు తరగతుల పిల్లలు, అంటే పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళు, వారానికో విషయం తీసుకుని ఇంటికెళ్ళి అమ్మమ్మనో తాతనో పక్కింటి ముసలాయన్నో అడిగి నోట్‌బుక్కులో రాసుకు రావాలి, బాగున్నవి బడిలో ఒక పెద్ద పుస్తకంలోకి ఎక్కించేవాళ్ళు. మాస్టార్లకి ఏమేం అడిగించాలో చెప్పే చిన్న పుస్తకం షాన్ ఓ సూలవాన్ అనే ఆయన తయారుచేసి ఇచ్చాడు. 1939 నాటికి సుమారు 5,000 బడుల నుంచి పిల్లల నోట్‌బుక్కులు, పెద్ద పుస్తకాలు అన్నీ కలిపి దాదాపు 7,40,000 పేజీలు పోగయ్యాయి. ఇప్పుడవి డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఉన్నాయి, దూకస్ అనే వెబ్‌సైట్లో ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు, పిల్లల చేతిరాత కూడా కనిపిస్తుంది, అందులో పొడుపు కథల పేజీలు బోలెడున్నాయి. 1937లో ఎనభై ఏళ్ళ తాతంటే 1850ల్లో పుట్టినవాడు, అంటే 1845లో మొదలైన వాళ్ళ బంగాళాదుంపల కరువుని కళ్ళారా చూసిన అమ్మానాన్నల కడుపున పుట్టినవాడు, అలాంటాయన చెప్పిన మాటని పన్నెండేళ్ళ పిల్ల తన చేత్తో రాసుకుంది, ఆ పేజీ చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

సరే, ఇప్పుడు మన పని. మొదట నేను చేసిన తప్పేంటంటే ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి మామ్మ ఎదురుగా కూర్చుని "మామ్మా, పొడుపు కథలు చెప్పు" అన్నాను. మామ్మ "నాకేటొచ్చురా బావూ, సిన్నప్పుడెప్పుడో ఇన్నాను, మరిసిపోనాను, పనేటీ లేదేటి నీకు" అంది. అరగంట బతిమాలితే ఒక్కటి చెప్పింది, అదీ సగం. మర్నాడు పొద్దున్న మామ్మ వాకిలి ఊడ్చి చీపురు మూల పెడుతుంటే నేను ఆ ఐర్లండ్ చీపురు కథ అన్నాను, ఊరికే. మామ్మ ఠక్కున తిరిగి "ఓస్ అదేటి, మా ఊళ్ళో అదుంది" అని తనది చెప్పింది, తర్వాత చేట చూసి ఒకటి, పొయ్యిలో నిప్పు చూసి "ఎర్రటి పండు, ఈగైనా వాలదు" అని ఒకటి, తులసికోట దగ్గర దీపం చూసి "తలుపుల సందున మెరుపుల గిన్నె" అని ఇంకోటి, పది నిమిషాల్లో ఏడు చెప్పింది. అప్పుడర్థమైంది నాకు, పొడుపు కథ అడిగితే రాదు, వస్తువు కనబడితే వస్తుంది. అందులో దాక్కున్నది వస్తువే కదా మరి, వస్తువు ఎదురుగా ఉంటే దాని పేరు నోట్లోంచి తీసేసి మిగతాది చెప్పడం వాళ్ళకి సులువు.

కాబట్టి మీరు కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చెయ్యకండి. ఇంట్లో తిరగండి, అటక ఎక్కి పాత సామాను దించండి, కవ్వం, కుంచం, తిరగలి, ఉట్టి, ఏతాం తాడు ముక్క, ఏదుంటే అది, ఒక్కోటీ చేతికివ్వండి. మామ్మ చేతికి కవ్వం ఇచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్తాను. ముందు బొటనవేలితో దాని పళ్ళ మధ్య దుమ్ము తుడిచింది, తర్వాత రెండు అరచేతుల మధ్య పెట్టి అటూ ఇటూ తిప్పింది, కింద కుండ లేదు, మజ్జిగ లేదు, ఊరికే గాల్లో, ఆ తిప్పుడుతో పాటే "అడివిలో పుట్టింది, అడివిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది" అనేసింది. తైతక్క అన్నప్పుడు కవ్వం కుడికీ ఎడమకీ రెండుసార్లు తిరిగింది. ఆ కథలో లయ చేతిలో ఉంది, కూర్చోబెట్టి అడిగితే ఆ లయ దొరకదు. ఇంకోటి, ఇప్పటి పిల్లలకి కవ్వం తెలీదు, మిక్సీ తెలుసు, అందుకని వాళ్ళకి కథ వేసేముందు ఒకసారి వస్తువు చూపించి పక్కన పెట్టాలి, లేకపోతే వాళ్ళు విప్పలేరు, అది వాళ్ళ తెలివి తక్కువ కాదు. ఐర్లండ్ వాటికీ ఇదే తిప్పలు, తెల్ల పరికిణీ ఎర్ర ముక్కు ఎంతసేపు నిలబడితే అంత పొట్టిదైపోతుంది అంటే కొవ్వొత్తి అని ఇప్పటికీ చెప్తారు, కానీ నాకో చిన్న ఇల్లుంది ఎలక కూడా పట్టదు, కిటికీలు మాత్రం మేయర్ గారి బంగళాకి ఉన్నన్ని అంటే ఎవరు చెప్తారు? చేత్తో బట్టలు కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇనప టోపీ అది, ఒంటినిండా చిన్న చిన్న గుంటలుంటాయి, మన టైలర్ల దగ్గర కూడా ఉండేది.

టైము కూడా ముఖ్యం. ఐర్లండ్లో ఇవి చలికాలం రాత్రుళ్ళు, పొలం పని లేనప్పుడు, నేలలోంచి కోసి ఎండబెట్టిన పీటు గడ్డలు పొయ్యిలో వేసి ఇరుగు పొరుగు అంతా ఒకింట్లో చేరినప్పుడు చెప్పుకునేవాళ్ళు. మనకి ఆ చలి లేదు, మన టైము వేరు. మా వైపు బాగా పనికొచ్చేది చింతపండు కొట్టి పిక్కలు తీసే రోజులు, నలుగురైదుగురు ఆడవాళ్ళు అరుగు మీద గోనె పరుచుకుని కూర్చుంటారు, చేతులకి పని ఉంటుంది నోటికి ఉండదు, అప్పుడు మీరు కూడా కూర్చుని పిక్కలు తియ్యండి, ఊరికే ఫోన్ పట్టుకుని నిలబడితే ఎవరూ నోరు విప్పరు. తేగలు కాల్చుకుని ఒలిచేటప్పుడు, పలాస వైపైతే జీడిపిక్కలు ఒలిచేటప్పుడు, కరెంటు పోయి అందరూ వీధిలోకొచ్చినప్పుడు కూడా బాగుంటుంది. టీవీ సీరియల్ టైములో మాత్రం వెళ్ళకండి, సంక్రాంతికి వెళ్తే భోగి రోజు వద్దు, వంటింటి పనుంటుంది, ముక్కనుమ నాటికి అందరూ తీరికగా ఉంటారు.

ఒకటి ఇస్తే పది వస్తాయి, ఇది గుర్తుపెట్టుకోండి. మీరు ఖాళీ చేతుల్తో వెళ్ళకూడదు, మీ దగ్గర నాలుగైదు కథలుండాలి, అవి వాళ్ళకి తెలియనివైతే ఇంకా మంచిది, పంతం వస్తుంది. ఇక్కడే ఐర్లండ్ కథలు నాకు బంగారంలా పనికొచ్చాయి. "నాలుగు నిలబడతాయి, నాలుగు వేలాడతాయి, రెండు వంకరవి, రెండు చూస్తాయి, ఒకటి ఊగుతాది" అన్నాను అరుగు మీద. వాళ్ళు నవ్వేశారు, ఆవు కదా, నాలుగు కాళ్ళు, నాలుగు చన్నులు, కొమ్ములు, కళ్ళు, తోక. వెంటనే ఒక అప్ప "అయితే ఇది ఇప్పు" అని "నాలుగు రోళ్ళు నడవంగా, రెండు చేటలు చెరగంగా, నోట్లో పాము వేలాడంగా, అందమైన దొరలు ఊరేగంగా" అంది, అది ఏనుగు. చూడండి, రెండూ ఒకే పోత, ఒంటిని ముక్కలు ముక్కలు చేసి లెక్కపెట్టడం. కాకపోతే వాళ్ళు ఒట్టి లెక్క చెప్పారు, మనవాళ్ళు ఏనుగు ఒంట్లోకి మన వంటిల్లే తెచ్చి పెట్టేశారు, కాళ్ళు రోళ్ళు, చెవులు చేటలు. నాకైతే మనదే ఎక్కువ నచ్చుతుంది, చేట చెరిగేటప్పుడు ఊగే ఊపు, ఏనుగు చెవి ఊపు ఒకటే కదా, చేట పట్టిన మనిషే కట్టుంటుంది ఆ కథ.

వేరే దేశం కథని మన వాళ్ళ ముందు వెయ్యాలంటే ఉన్నది ఉన్నట్టు తర్జుమా చేస్తే చప్పగా ఉంటుంది, ఇది నేను చాలాసార్లు చూశాను. పొగ మీద వాళ్ళదొకటుంది, నేను మొదట ఇలా చెప్పాను, "ఇంటి నిండా ఉంది, పెరడు నిండా ఉంది, గిన్నెడు మాత్రం పట్టుకోలేవు." ఎవరూ పట్టించుకోలేదు. మామ్మకి అర్థమైంది కానీ మొహం అదోలా పెట్టింది, కాసేపాగి తనే "ఇంట నిండా, వాకిట నిండా, సేటెడెత్తంటే సిటికెడు లేదు" అంది. చేటెడు, చిటికెడు, అంతే, కథ నిలబడిపోయింది, ఆ సాయంత్రానికి వీధిలో పిల్లలంతా అనడం మొదలెట్టారు. అలాగే నుయ్యి మీద వాళ్ళ కథలో ఆపిల్ పండంత గుండ్రం, టీ కప్పు అంత లోతు, రాజుగారి గుర్రాలన్నీ లాగినా పైకి రాదు అని ఉంటుంది. మా ఊళ్ళో రాజుగారి గుర్రాలు ఎక్కడున్నాయి? "పళ్ళెమంత గుండ్రం, తాడంత లోతు, ఊరెడ్లన్నీ పూన్చినా గట్టెక్కదు" అని మార్చుకున్నాం. కాబట్టి రూలు ఏంటంటే, వస్తువు మార్చకండి, పోలిక మన ఊరిది పెట్టండి, చివర్న ఒకే అక్షరంతో మొదలయ్యే రెండు మాటలు దొరికేదాకా వదలకండి. క్యాబేజీ మీద అతుకు మీద అతుకు, కుట్టు మాత్రం ఒక్కటీ లేదు అని వాళ్ళదొకటుంది, అది మాత్రం మార్చక్కర్లేదు, బొంత కుట్టిన మామ్మలందరికీ వెంటనే తగులుతుంది.

రాసుకోవడం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఎలా పలికితే అలాగే రాయండి. మూల కూకుంటాది అంటే మూలన కూర్చుంటుంది అని దిద్దకండి, సేటెడుని చేటెడు చెయ్యకండి. మన జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా కొట్లాడింది దీనికోసమే కదా, జనం మాట్లాడేదే భాష అని. ఆయన సవరల భాష నేర్చుకుని, వాళ్ళ నోట విన్నదే రాసుకుని నిఘంటువు చేశారు, మనం మన మామ్మ మాటని దిద్దితే ఎలాగండి. మా తమ్ముడొకడు ముప్పై కథలు రాసి పంపాడు, అన్నీ పుస్తకం భాషలోకి మార్చేసి, చదివితే ఒక్కదానికీ ప్రాణం లేదు, మళ్ళీ వెళ్ళి మొత్తం రాసుకురావలసి వచ్చింది, పాపం.

ప్రతి కథ కింద ఎవరు చెప్పారు, వయసెంత, ఏ ఊరు అని రాయండి, ఐర్లండ్ పిల్లలు కూడా ఇలాగే చెప్పినాయన పేరు, వయసు, ఊరు రాసేవాళ్ళు. ఆడవాళ్ళ దగ్గరైతే ఇంకోటి కూడా అడగాలి, ఈ కథ కన్నవారింట్లో నేర్చుకున్నారా, అత్తవారింటికి వచ్చాక నేర్చుకున్నారా అని. ఇది అడగడం మొదలెట్టాక నాకు చాలా తెలిసింది. "నీటిలో పుట్టింది, నీటిలో పడితే సచ్చింది" అని ఉప్పు మీద కథ మా వీధిలో ఒక పెద్దమ్మకే వచ్చు, ఆరా తీస్తే ఆవిడ కన్నవారు నౌపడ వైపు, అక్కడ ఉప్పు మళ్ళున్నాయి, చిన్నప్పుడు రోజూ చూసింది. "పచ్చ పచ్చని తల్లి, పసిడి పిల్లల తల్లి, తల్లిని చీలిస్తే తియ్యని పిల్లలు" అని పనసపండు కథ చెప్పినామెది ఉద్దానం, కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య పెరిగిన మనిషి. కథలు పెళ్ళికూతురితో పాటే బండెక్కి వచ్చాయన్నమాట. (పనస మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, బొబ్బిలి వీణ చేసేది కూడా పనస చెక్కతోనే, దాని మీద పొడుపు కథ ఎవరికైనా తెలిస్తే నాకు చాలా అవసరం, విజయనగరం వాళ్ళు కాస్త మీ పెద్దవాళ్ళని అడగండి.)

ఒకే కథకి రెండు విడుపులు వస్తే గొడవ పడకండి, రెండూ రాయండి. "చెయ్యని కుండ, పొయ్యని నీళ్ళు, వెయ్యని సున్నం, తియ్యగుండు" అంటే మా మామ్మ కొబ్బరికాయ అంటుంది, పక్కింటి తాతయ్య తాటిముంజ అంటాడు, ఆయన తాడిచెట్లు ఎక్కిన మనిషి, ఇద్దరూ ఒప్పుకోరు. ఇద్దరిదీ రైటే, ఎవరి చెట్టు వాళ్ళది. ఐర్లండ్లో కూడా ఒకే ఎత్తుగడతో చాలా ఉన్నాయి, ఇంటి చుట్టూ తిరిగి తిరిగి ఒకటే గీత వదిలేది ఒంటి చక్రం తోపుడు బండి, ఇంటి చుట్టూ తిరిగి తిరిగి ప్రతి కిటికీ దగ్గర తెల్ల గ్లౌజు పెట్టి వెళ్ళేది మంచు. ఎత్తుగడ అదే, చివర మారిస్తే జవాబు మారిపోతుంది. పిల్లల చేత కొత్తవి కట్టించాలంటే దీనికి మించిన దారి లేదు, మొదటి ముక్క మీరివ్వండి, రెండోది వాళ్ళని కట్టమనండి. మా వీధిలో ఏడో తరగతి గుంట ఒకర్తి కట్టింది చూడండి, "ఇల్లంతా తిరుగుతాది, గోడకి కట్టీస్తే గానీ కడుపు నిండదు." సెల్‌ఫోన్, చార్జింగ్. మామ్మకి చెప్తే ఒక్క నిమిషం ఆలోచించి విప్పేసింది, ఆ రోజు ఇద్దరి మొహాలూ చూడాలి మీరు.

కొన్ని వినగానే సిగ్గేస్తాయి, విడుపు మాత్రం రోలో రోకలో అయి ఉంటుంది, అరుగు మీద ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. అవి కూడా రాయండి, పిల్లల పుస్తకంలో కాకుండా విడిగా పెట్టండి. వదిలేస్తే మాత్రం సగం సరదా పోయినట్టే. అలాగే ఎవరి పేరైనా, గొంతైనా నలుగురికీ పంపాలంటే వాళ్ళని అడిగి పంపండి.

రికార్డింగ్ అయితే ఫోన్ చాలు, వేరే మైకు అక్కర్లేదు, కాకపోతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి గోనె మీద కాకుండా పీట మీద పెట్టండి, ఫ్యాను గాలి తగలకుండా. ఆ రాత్రే కంప్యూటర్లోకో ఇంకో ఫోన్లోకో కాపీ చేసి, నోట్‌బుక్కులో కూడా రాసెయ్యండి, మర్నాటికి పెట్టకండి. ఇది నా కడుపుమంట. పోయినేడాది స్క్రీన్ పగిలి టౌన్లో ఒక షాపులో ఫోన్ ఇచ్చాను, లోపలున్నవి తియ్యొద్దని చెప్పే ఇచ్చాను, వాళ్ళు మొత్తం రీసెట్ కొట్టి ఇచ్చారు. నలభైకి పైగా కథలు, అందులో ఒక తాతయ్యవి పదహారు, ఆయన అప్పటికే పోయారు. నాకు గుర్తున్నవి ఐదు, ఆయన కోడలికి గుర్తున్నవి మూడు, మిగతావి ఇంక రావు. ఐర్లండ్ పిల్లల చేతిరాత ఎనభై ఏళ్ళు దాటినా ఉంది, నా ఫోన్లోది ఏడాది కూడా నిలవలేదు.

ఒంటరిగా చెయ్యకండి. దూకస్ సైట్లో పాత చేతిరాతల్ని టైపు చేసే పని వేల పేజీలుంటే జనమే తలా కొంచెం చేస్తున్నారు, దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు మెహల్, ఐరిష్‌లో ఆ మాటకి అర్థం కోతల టైములో ఇరుగు పొరుగు కలిసి ఒకరి పొలం తర్వాత ఒకరి పొలం చేసుకోవడం, అంటే మన బదులు పనే. మీ ఊళ్ళో నలుగురు పిల్లల్ని పట్టండి, తలా ఒక వీధి, ఆదివారం ఆదివారం ఒకరింటి అరుగు మీద కూర్చుని ఎవరేం తెచ్చారో చదవండి, ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు ఫెయిర్ చెయ్యండి. వంద పేజీల నోట్‌బుక్కు ఒకటి, ఎడమ పేజీలో కథ, కుడి పేజీలో విడుపు, చెప్పినవాళ్ళ వివరం, కింద ఆ వస్తువు బొమ్మ పిల్లల చేత గీయించండి, కవ్వం ఎలా ఉంటుందో ఇంకో ఇరవై ఏళ్ళకి ఆ బొమ్మే చెప్పాలి. నిండాక రెండు జిరాక్సులు తీయించి ఒకటి ఊరి బడిలో ఇవ్వండి, ఒకటి చెప్పిన మామ్మల్లో ఎవరింట్లోనైనా ఉంచండి. మా మామ్మ తన కాపీని బియ్యం డబ్బా మీద పెట్టుకుంది, చదవడం రాదు తనకి, ఎవరొచ్చినా ముందు అది తీసి "ఇది నాను సెప్పిందే, సదువు" అని చేతికిస్తుంది.